తాడు పట్టిన దొర

నేను ఇప్పుడు చెప్పబోయేదంతా నిజం. మా ఊళ్లో నా సంగతి తెలిసినవాళ్లు ఈ మాట దగ్గరే చదవడం ఆపేస్తారని నాకు తెలుసు, అందుకని ఒట్టు పెట్టుకునే రాస్తున్నాను. అమ్మ మీద ఒట్టు, కళ్ల మీద ఒట్టు, ఇవన్నీ నేను వయసులో ఉన్నప్పుడే వాడి వాడి అరగదీశాను. ఇప్పుడు వాటిని ఎవరూ తీసుకోరు. కాబట్టి పళ్లెంలో అన్నం పెట్టించుకుని, దాని మీద కుడిచెయ్యి ఉంచి, ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అందుకు. ఒక్క మాట అబద్ధమైనా ఈ అన్నం నాకు అరక్కపోవుగాక.

ఇంత గట్టి ఒట్టు ఎందుకంటే నాకు ఒళ్లు మండింది. బోగోలుకి తూర్పున సముద్రం ఒడ్డున ఒక పాలెం ఉంది. చేపలు పట్టుకుని బతికేవాళ్ల ఊరు. అక్కడి క్రైస్తవుల ప్రార్థన గుడికి పోయిన నెల సిమెంటు కప్పు వేసి పండగ చేశారు. ఆ గుడిని మొదట తాటాకులతో కట్టించిన విదేశీ దొరకి ఒకప్పుడు వంటవాణ్ణి నేనే గనక నన్నూ పిలిచారు. ముందు వరసలో కుర్చీ వేశారు, సోడా ఇచ్చారు, బాగానే ఉంది. అప్పుడు పట్నం నుంచి వచ్చిన ఒక కోటు పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. చేపలు పడక పాలెం పస్తులున్న ఒక రోజున దొరగారు ఒడ్డున మోకరించి ప్రార్థన చేశారట, అలలు చేపల్ని మోసుకొచ్చి ఆయన పాదాల దగ్గర పోసినాయట. జనం చేతులెత్తి స్తోత్రం అన్నారు. తరవాత గోడకి బిగించిన పాలరాయి మీద గుడ్డ తీశారు. అందులో దొర పేరు, దాని కింద "ఆరోగ్యము క్షీణించి స్వదేశము వెళ్లిరి" అని చెక్కి ఉంది.

ఆరోగ్యమట. ఆ మనిషికి నేను వండి పెట్టినన్నాళ్లూ ఒక్క పూట లంఖణం లేదు. నిప్పులాంటి ఇసకలో ఊరినుంచి ఊరికి నడిచిపోయి, వచ్చి, ఎండ్రకాయల కూరతో అన్నం తిని, మళ్లీ నడిచేవాడు. ఆరోగ్యం క్షీణించింది ఆయనకి కాదు, ఆయన్ని పంపించినవాళ్లకి. అబద్ధం చెప్పారని నాకు కోపం కాదు. నేను ఎన్ని చెప్పలేదు. అబద్ధం చెబితే అందులో మనిషి నిజంలో కన్నా పెద్దవాడు కావాలి, అది ఈ విద్యకి మొదటి నియమం. అలలు చేపలు తెచ్చి పోశాయంటే మా దొర చేసిందేమిటి, మోకాళ్ల మీద కూర్చోవడమేగా. ఆయన చేతులు ఏమైపోయాయి? ఆ అరచేతులు నేను చూశాను. వాటికి వెన్న రాసింది నేను.

ఎట్లా చూశానో చెప్పాలి. మాది మనుబోలు దగ్గర వరి పండించే ఇల్లు. రాష్ట్రం ఏర్పడి ఇంకా ఎన్నో ఏళ్లు కాలేదు. మా నాయన ఒక ముసలి ఎద్దుని సంతకి తోలితే, కొనేవాడితో నేను అది రోజూ చెరువు ఈదుతుందని చెప్పాను. వాడు దాన్ని తోలుకుపోయి నిజంగానే నీళ్లలో దింపాడు. ఆ రగడలో నేను ఇల్లు వదిలి కావలి వైపు పోయాను. అక్కడ సంతలో ఒకడు చెప్పాడు, సముద్రం ఒడ్డు పాలెంలో తెల్లదొర ఒకాయన వంటవాడి కోసం చూస్తున్నాడని. పోయి నిలబడ్డాను.

దొర మనిషి పొడుగు, మెడ ఎర్రగా కాలి ఉంది, జుట్టు నెరుస్తోంది. తెలుగు ఆయన బైబిలు చదివి నేర్చుకున్నాడు, అందుకని మాట్లాడితే గుళ్లో చదువుతున్నట్టే ఉండేది.

"నీకు వంట వచ్చునా?"

"కలెక్టరు బంగళాలో చేసినాను దొరా."

"ఆ కలెక్టరు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు?"

"ఇప్పుడు లేడు దొరా."

"నీ వంట తినియేనా?" అన్నాడు. నవ్వలేదు. పనిలో చేరమన్నాడు.

మా నాయన మనిషి చేత కబురు పంపాడు, తెల్లోడికి గంజి కాసేదానికా నిన్ను కనింది అని. కాచింది గంజే. దొరకి వాళ్ల దేశంలో పొద్దున్నే ఏదో జావ అలవాటు. నేను రాగిజావ కాచి మజ్జిగ పోసి ఇచ్చి, వాళ్ల దేశంలో కూడా ఇట్లానే కాస్తారని ఆయనకే చెప్పాను. తాగాడు.

ఆయన రోజు ఎట్లా గడిచేదో చెబితే ఎవరికైనా కళ్లు చెదిరే సంగతేమీ ఉండదు. తెల్లవారకముందే లేచి, దొరువు నీళ్లతో స్నానం చేసేవాడు. మా సముద్రం పక్క ఇసకలో నిలువు గొయ్యి తవ్వితే మంచినీళ్లు ఊరుతాయి, దాన్నే దొరువంటారు. తరవాత ఒడ్డుకి పోయి మోకరించేవాడు, అదీ అల తగలనంత దూరంలో. ఆయన పుట్టింది గోధుమ పండే మెట్టదేశం. ఓడ ఎక్కేదాకా సముద్రం చూసి ఎరగడు, ఈత రాదు, నీళ్లంటే భయం. ఆ భయం దాచుకునేవాడు కాడు. జావ తాగినాక వసారాలో పుళ్లకి మందు రాసేవాడు, పిల్లలకి అక్షరాలు దిద్దించేవాడు. మందుకి వచ్చిన ఆడవాళ్లు మాటకి ముందు ఆయన మీసం మీద ఒక ఎకసెక్కెం ఆడేవాళ్లు, ఆయన అర్థం కాక ఆమెన్ అనేవాడు. మధ్యాహ్నం ఎండలో పక్క పాలేలకి నడిచేవాడు. సాయంత్రం మళ్లీ ప్రార్థన.

ఆ సాయంత్రం ప్రార్థన మాత్రం వినదగ్గది. వాళ్ల భాషలో మొదలుపెట్టి, పాలెంలో ఒక్కొక్కరి పేరూ దేవుడికి చెప్పేవాడు. గుడికి వచ్చేవాళ్లవి కొన్ని పేర్లు, గంగమ్మకి కోడిని కోసేవాళ్లవి ఇంకా ఎక్కువ పేర్లు. తాగి పెళ్లాన్ని కొట్టినవాణ్ణి విడిగా చెప్పేవాడు. నా పేరు వచ్చేసరికి మాత్రం తెలుగులోకి మారేవాడు, వంటింట్లోకి వినపడాలని. "ఇతని నాలుకను కాపాడుము ప్రభువా, అది ఇతనికంటె ముందు పరుగెత్తుచున్నది." తరవాత వాళ్ల భాషకి మారడం మరిచిపోయి తన సంగతి కూడా తెలుగులోనే చెప్పుకునేవాడు. ఆయన తనకోసం అడిగేది ఒక్కటే. "నన్ను ఇక్కడనుండి కదపకుము. ఇక్కడనే నన్ను ముసలివాణ్ణి కానిమ్ము." అంతకుముందు ఆయన్ని పట్నంలో మిషను ఆఫీసులో కూర్చోబెట్టారట. బీరువాల మధ్య దేవుడు కనపడడం మానేశాడని నాతో ఒకసారి అన్నాడు. ఈ పాలేనికి రావడానికి ఎన్నిసార్లు బతిమాలుకున్నాడో పాపం.

ఇంక తాడు సంగతి. పాలెంలో పెద్దవల అని ఒకటుంది. దాన్ని పడవలో సముద్రంలోకి తీసుకుపోయి అర్ధచంద్రంలాగా దింపుతారు. దాని రెండు తాళ్లూ ఒడ్డున ఉంటాయి. ఊరంతా రెండు గుంపులై ఆ తాళ్లు పట్టి వలని ఒడ్డుకి లాగాలి. ఎత్తు మీద ఒకడు కూర్చుని నీళ్ల రంగు చూస్తూ ఉంటాడు, చేప గుంపు కనపడితే కిరసనాయిలు డబ్బా కొడతాడు. డబ్బా మోగితే తింటున్నవాడు తింటున్నట్టే లేచి రావాలి.

ఒక పొద్దున వల బరువెక్కింది. ఊళ్లో జ్వరాలు, ఉత్తరపు తాడు మీద మనుషులు చాలలేదు. తాడు ముందుకి జారిపోతోంది, మనుషుల్ని కూడా ఈడ్చుకుపోతోంది. దొర ఎప్పటిలాగే బూట్లకి తడి తగలకుండా దూరంగా నిలబడి చూస్తున్నాడు. తాడు మీద ఒకడు కాలు జారి బోర్లా పడ్డాడు. దొర తన టోపీ తీసి నా చేతిలో పెట్టి, పోయి ఆ ఖాళీలో నిలబడి తాడు పట్టుకున్నాడు. అల వచ్చి మోకాళ్ల దాకా కొట్టింది. మొహం సున్నంలాగా పాలిపోయింది, తాడు వదల్లేదు.

వల నిండా కవళ్లు, వెండిలా మెరిసే చిన్న చేపలు. ఒడ్డున కుప్పలు పోశారు. పడవకి కుప్ప, వలకి కుప్ప, గంగమ్మకి కుప్ప, తాడు పట్టిన ప్రతివాడికీ ఒక కుప్ప. పాలెం పెద్దకాపు, అంటే వాళ్ల ఊరిపెద్ద, దొర ముందు కూడా ఒకటి పోయించాడు.

"నాకు వద్దు. నేను సహాయము చేసితిని, అంతే," అన్నాడు దొర.

పెద్దకాపు ఎండిపోయిన తాటిమొద్దు లాంటి ముసలాయన. నోట్లో చుట్ట తీశాడు. తాడు లాగినవాళ్లంతా దొరవైపు తిరిగారు. నేను దొర చెవి దగ్గరకి పోయి చెప్పాను. "తీసుకోండి దొరా. తాడు పట్టినోడు వాటా వద్దంటే ఆ వలని వద్దన్నట్టంట. రేపు వల ఉత్తదే వస్తే మిమ్మల్నే అంటారు."

"అది మూఢనమ్మకము."

"కావచ్చు దొరా. ఇంతమంది చూస్తా ఉండారు."

టోపీ తిరగేసి అందులో పోయించుకున్నాడు. నేను మామిడికాయ వేసి పులుసు పెట్టాను. ఇద్దరం కడుపు నిండా తిన్నాం. ఆ వాటాకి రెండో సగం ఒకటి ఉందని వరి పొలాల ఊరివాణ్ణి నాకూ తెలీదు.

మర్నాడు డబ్బా మోగింది. దొర వసారాలో బైబిలు చదువుకుంటున్నాడు. పెద్దకాపు గబగబా నడిచొచ్చి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఏందయ్యా దొరా, నిన్న కడుపు నిండిందా?"

"నిండినది."

"అయితే లెయ్యి. తాడు నీకోసరం చూస్తా ఉండాది."

దొర ఎందుకని అడిగాడు. అప్పుడు ముసలాయన విప్పి చెప్పాడు. వాటా తిన్నవాడు ఆ వల మనిషి. చేపల కాలం అయిపోయి వల చుట్టి అటకెక్కించేదాకా డబ్బా మోగినప్పుడల్లా రావాలి. రాకపోతే వాడి మీద దురాయి. దురాయి అంటే పెద్దకాపులు వేసే కట్టు. ఆ మనిషికి ఎవరూ నిప్పివ్వరు, నీళ్లివ్వరు, పలకరించరు.

"నాకు ఇది తెలియదు," అన్నాడు దొర.

"తెలిసి తిన్యావో తెలీక తిన్యావో, ఆ కవళ్లు ఇప్పుడు చెప్పలేవు గదా," అన్నాడు పెద్దకాపు.

నేనైతే పది సాకులు చెప్పి ఉందును. నడుం నొప్పి అనేవాణ్ణి, మా దేశంలో ఈ రోజు తద్దినం అనేవాణ్ణి. దొర కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "నేను తింటిని," అన్నాడు. "తినినవాడను తినలేదని చెప్పజాలను." బూట్లు విప్పి వసారాలో పెట్టి పెద్దకాపు వెనక పోయాడు.

ఆ రోజు నుంచి మా దొర వల మనిషి. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. రాత్రి వెన్న రాస్తుంటే పళ్ల బిగువున పాట పాడుకునేవాడు. పాట మా చెవులకి కొత్త వరస, కానీ చెయ్యి వెనక్కి తీసుకునేవాడు కాడు. ఆడవాళ్లు ఇసకలో నిలబడి నవ్వేవాళ్లు. "మీసం దొర వంగినాడు చూడక్కా, కొంగ వంగినట్టుండాడు." ఆయన వాళ్లకేసి చెయ్యి ఊపబోయి, తాడు జారుతుందని ఆగిపోయేవాడు.

కోపం తెచ్చుకోవలసిన సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఆదివారం. ఆదివారం పని చెయ్యకూడదని గుడికి వచ్చే ఇళ్లవాళ్లకి నేర్పింది దొరే. ఆయనకి ఆయన పెద్దలు నేర్పారు. అందుకని ఆదివారాలు వాళ్లు తాడు పట్టరు, గంగమ్మ ఇళ్లవాళ్లే చాలీచాలని చేతులతో లాగుకుంటారు. వీళ్లకి ఆ రోజు వాటా ఉండదు, వాళ్లకి వీళ్ల మీద మంట. "ఆదివారపోళ్లు" అని వెక్కిరింపు. ఇద్దరన్నదమ్ములు ఆ మాట మీద మాటలు మానేసుకున్నారు కూడా. ఇన్నాళ్లూ దొరకి అది విశ్వాసం మీద పడిన చిన్న కష్టంగా కనపడింది. ఇప్పుడు తాడు తన చేతుల్లో ఉంది.

ఆయన వల మనిషి అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం, ప్రసంగం మధ్యలో డబ్బా మోగింది. చాప మీద కూర్చున్నవాళ్లందరూ దొరవైపే చూశారు. ఒక్కరు కదల్లేదు. ఆయన నోరు తెరిచే ఉంది, మాట మధ్యలో ఆగింది. డబ్బా మళ్లీ మోగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. దేవుణ్ణి అడుగుతున్నాడో, సెలవు తీసుకుంటున్నాడో నాకు తెలీదు. తెరిచి, పుస్తకం మూసి, "ప్రార్థన ముగియలేదు. మధ్యలో ఉన్నాము. రండి," అని బూట్లు విప్పాడు.

ఆ రోజు వల ఎట్లా వచ్చిందని. గుడివాళ్లు, గంగమ్మవాళ్లు కలిసి పట్టారు. మాటల్లేని అన్నదమ్ములు ఒకే తాడు మీద ముందూ వెనకా నిలబడ్డారు. వాటాలు పోసినాక దొర అక్కడే, తడిబట్టలతో, ఒడ్డున నిలబడి ఆగిన మాట దగ్గర నుంచి ప్రసంగం మళ్లీ ఎత్తుకున్నాడు. చేపలు ఏరుకుంటున్న గంగమ్మవాళ్లు కూడా విన్నారు, వినక ఎక్కడికి పోతారు. బైబిలు పుటల్లో పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. అప్పటినుంచి మా పాలెంలో ఆదివారం ప్రార్థన రెండు ముక్కలు. మొదటి ముక్క గుళ్లో, రెండోది వల పక్కన. దొర పాటలు తాడు లాగే ఊపుకి బాగా కుదిరాయి. గంగమ్మ పూజారి కూడా ఆ వరస మీద "లాగరా, లాగు" అనేవాడు. ఎవరూ మతం మారలేదు. మారలేదని దొర బాధపడినట్టు నాకు కనపడలేదు. ఆయన మొహం ఆ నెలల్లో ఉన్నంత తేటగా నేను మరెప్పుడూ చూడలేదు.

ఎవరో ఈ సంగతి పట్నానికి మోశారు. ఎవరో నాకు తెలుసు, రాయను. మిషను కమిటీ ఒక ఆదివారం పొద్దున్నే జీపులో దిగింది. కమిటీ అంటే ముగ్గురు. ముందు సీటులో ముసలి పెద్ద దొర, ఆయనా సముద్రం అవతలి మనిషే. వెనక కోట్లు వేసుకున్న మనవాళ్లు ఇద్దరు. ఆ ఎండకి కోట్లు. జీపుని మెత్తటి ఇసకలో ఆపొద్దని నేను చెప్పాను. వాళ్లలో ఒకాయన, "వంటోడివి వంట సంగతి చూడు," అన్నాడు. చూశాను.

గుళ్లో ముందు బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. మా దొర ప్రసంగం చెబుతున్నాడు, కానీ ఆ రోజు ఆయన చెవి సముద్రం వైపే ఉంది. ఈ ఒక్క పూట చేపలు రాకపోతే బాగుండని నేను గంగమ్మకి కూడా మొక్కుకున్నాను. డబ్బా మోగింది.

దొర పెద్ద దొరకి ఇంగ్లీషులో ఏదో చెప్పి, తల వంచి, బూట్లు విప్పాడు. గుడి మొత్తం ఆయన వెనక ఖాళీ అయింది. మిగిలింది ముగ్గురు కమిటీ, విసనకర్రతో నేను.

"ఏంటిది?" అన్నాడు ఒక కోటాయన.

"వలండీ."

"ఆదివారమా?"

"అవునండీ. నిన్న రమ్మంటే చేపలు రాలేదు."

పెద్ద దొర గొడుగు వేసుకుని ఒడ్డు దాకా నడిచి, తన సాటి తెల్లమనిషి నీళ్లలో మోకాలి లోతున వంగి, గంగమ్మ పూజారి వెనక నిలబడి తాడు లాగడం చూశాడు. తిరిగొచ్చి వసారాలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి దొర వాటా కింద వచ్చిన వంజరం పులుసు పెట్టాను. ఆ రోజు పొద్దుటి చేప. ఆదివారం, ప్రార్థన మధ్యలో పట్టిన చేప. వడ్డిస్తూ, "ఇది ఈ రోజు వలలోదే అండీ, పరవాలేదా," అని అడిగాను. ఒక కోటాయన నన్ను కరిచేట్టు చూశాడు. చూస్తూనే ముక్క తుంచుకున్నాడు. ముగ్గురూ తిన్నారు. ముళ్లు చప్పరించారు. పెద్ద దొర వేళ్లు నాకాడు, నా రెండు కళ్లతో చూశాను. తింటూనే తీర్పు చెప్పారు. పవిత్ర దినాన్ని భ్రష్టు పట్టించావు, విగ్రహారాధకులతో కలిసి దాని సొమ్ము తిన్నావు, నువ్వు ఈ పాలెం విడిచి మీ దేశం వెళ్లిపోవాలి.

మా దొర లేచి నిలబడ్డాడు. ఇంగ్లీషులోనే మాట్లాడాడు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా ఆ రోజు ప్రతి మాటా అర్థమైంది.

"అయ్యలారా," అన్నాడు. "మీరు నన్ను ఈ మనుషుల దగ్గరికి పంపినప్పుడు ఒడ్డున ఆరిన చోట నిలబడమని పంపారా? నేను కొన్నేళ్లు అట్లాగే నిలబడ్డాను. నా బూట్లు పాడవలేదు, నా మాట ఎవరికీ తగల్లేదు. తాడు పట్టినప్పుడు ముందున్నవాడి వీపు తప్ప ఇంకేం కనపడదు. ఆ వీపు గుడివాడిదా, గంగమ్మవాడిదా అని అడిగి పట్టుకోవడం నాకు చాతకాదు. ఒక్కడు వదిలితే మిగతావాళ్ల అరచేతులు తెగుతాయి. మీకు ఆదివారం ముఖ్యమైతే, మీ ముందున్న విస్తళ్లలోది ఏ వారం చేపో చూసుకోండి. నన్ను పంపదలిస్తే పంపండి. నేను చేసింది పాపమని మాత్రం ఈ నోటితో అనను."

వాళ్ల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. పెద్ద దొర తలెత్తలేదు. మా దొర అరచేతులు తడి ఆరక పగిలి ఎర్రగా ఉన్నాయి, వాటిని వాళ్ల ముందు చాచి పెట్టాడు. ఎవరూ వాటివైపు చూడలేకపోయారు.

సంగతి పెద్దకాపుకి చేరవేసింది నేనే, వేరే చెప్పాలా. ఆయన ఆ నిమిషాన కమిటీ జీపు మీద దురాయి వేశాడు. దానికి ఎవరూ నీళ్లివ్వకూడదు, చెయ్యి వెయ్యకూడదు. జీపు చక్రాలు సగం దాకా ఇసకలో దిగబడి ఉన్నాయి. డ్రైవరు ఎంత రొప్పించినా ఇంకా లోపలికి పోతోంది. కోట్లవాళ్లు కోట్లు విప్పకుండానే నెట్టారు. ఊరంతా కూర్చుని చూస్తోంది. "సముద్రం వైపుకి నెట్టండయ్యా, అల్లదుగో పల్లం," అని ఒక ఆడమనిషి సలహా చెప్పింది. పెద్దకాపు పడవ మీద ఆనుకుని చుట్ట కాలుస్తున్నాడు.

మా దొర వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఎండబెట్టిన వల తాడు తెచ్చి ఒక కొస జీపుకి కట్టి, ఇంకో కొస భుజం మీద వేసుకుని లాగడం మొదలుపెట్టాడు. తనని వెళ్లగొట్టినవాళ్ల జీపుని. నాకు ఎంత మండిందంటే పోయి ఆ ముడి విప్పేద్దామనుకున్నాను. పోయి ఆయన వెనక తాడు పట్టుకున్నాను. ఇద్దరం ఏం కదిలిస్తాం.

పెద్దకాపు చుట్ట పారేశాడు. "థూ," అన్నాడు. "వల మనిషి ఒంటిగా తాడు పట్టినాక కూచోనుండే దురాయి మనకి లేదు గదరా. లెయ్యండి." తిట్టుకుంటూ లేచారు. గుడివాళ్లు, గంగమ్మవాళ్లు, మందుకి వచ్చే ముసలమ్మలు, అందరూ. జీపు సొరచేపలాగా ఇసక చిమ్ముకుంటూ బయటికొచ్చింది. పెద్ద దొర దిగి పెద్దకాపుకి చెయ్యి ఇవ్వబోయాడు. ముసలాయన చెయ్యి వెనక పెట్టుకున్నాడు. "మీరు తాడు పట్టలా. మీకీడ వాటా లేదు. పోండి," అన్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చమని పెద్ద దొర ఒక కోటాయన్ని అడిగాడు. ఆయన మార్చలేదు.

కొన్ని వారాలకి దొర వెళ్లిపోయాడు. వల ఇంకా అటకెక్కలేదు. ఆ సంగతే ఆయన్ని బాధపెట్టింది. పెద్దకాపు ఇంటికి పోయి, "కాలము ముగియకమునుపే పోవుచున్నాను, నామీద దురాయి వేయుము," అని నిలబడ్డాడు.

"నువ్వేడ పోతా ఉండావు," అన్నాడు పెద్దకాపు. "నిన్ను పంపతా ఉండారు. దానికి దురాయి నీ మీద కాదు."

బిట్రగుంట స్టేషను దాకా ఎద్దుబండిలో నేను పోయాను. ఆయన దారంతా పాలెంలో వాళ్ల పేర్లే గొణుక్కున్నాడు. మద్రాసులో ఓడ ఎక్కాడు. ఇక్కడ ముసలివాడు కావాలన్న ఆయన కోరిక వాళ్ల మెట్టదేశంలోనే తీరిందట, గోధుమ చేల మధ్య ఒక గదిలో. నీళ్లు కనపడని చోట. ఆ తరవాత ఆదివారం డబ్బా మోగితే గుడివాళ్లు లేవడం మానుకున్నారు, కొత్తగా వచ్చిన ఆయన ఒప్పుకోలేదు. అన్నదమ్ములు మళ్లీ మాటలు మానుకున్నారు. ఇప్పుడు ఆ మిషనువాళ్లే పాలరాయి చెక్కించి, ఆరోగ్యం అంటున్నారు.

ఇంక ఒకటి ఒప్పుకోవాలి. పైన రాసినదంతా నిజం, తాడు నిజం, టోపీలో కవళ్లు నిజం, జీపు నిజం, పెద్దకాపు తిట్టు నిజం. వసారాలో దొర చేసిన ప్రసంగం ఒక్కటి ఆయనది కాదు. అది నాది. చాచిన అరచేతులు కూడా నేను చాపించినవే. ఆ మాటలు నేను కొన్నేళ్లుగా కట్టుకుంటూ వచ్చాను. ఒక్కోసారి ఒక్కో మాట మార్చుకుంటూ, సైకిలు మీద పోతూ, పొలంలో నీళ్లు కడుతూ. ఆ మధ్యాహ్నం ఎవరో ఒకరు వాటిని అని ఉండవలసింది. అనే హక్కు ఉన్నది ఆయనొక్కడికే, ఆయన అనలేదు.

నిజంగా జరిగింది ఇంతే. పెద్ద దొర తింటూ ఇంగ్లీషులో ఆ తీర్పు చెప్పాడు. మా దొర ముద్ద చేతిలోనే ఉంచుకుని విన్నాడు. మొహం, మొదటిసారి అల మోకాళ్లకి తగిలిన రోజు ఎట్లా ఉందో అట్లా అయింది. ఎప్పుడు బయలుదేరాలని అడిగాడు. చెప్పారు. తల ఊపాడు. ఆ కమిటీ మీద కన్నా ఆ తల ఊపు మీద నాకు ఎక్కువ కోపం, ఇప్పటికీ. అది ఓర్పో, భక్తో, అలిసిపోవడమో నాకు తెలీలేదు, అడిగితే చెప్పేవాడు కాడు. తరవాత ఆయన నావైపు తిరిగి, తెలుగులో, మెల్లగా, "పెద్దవారి విస్తరిలో పులుసు అయిపోయినది, చూడుము," అన్నాడు.

గిన్నె తెచ్చి పోశాను. పెద్ద దొర చాలు అనలేదు.